నాన్న డబ్బు తీసేసుకున్నారు, ఊరివాళ్ళేమో ప్రతి సోమవారం కలెక్టరాఫీసు ముందు కూర్చుంటున్నారు. నేనెటు?

రాయగడ కొట్టు:

అందరికీ నమస్కారం. మాది రాయగడ. మా తాత బొబ్బిలి నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టాడు. ఆయన తర్వాత నాన్న, ఇప్పుడు నేను. పప్పు, నూనె, బెల్లం అమ్ముతాం, కొండ సరుకు కొంటాం. చింతపండు, పసుపు, వలిసెలు, కొండచీపుర్లు, అడ్డాకులు, సీజన్లో పైనాపిల్.

పట్నానికి ఇరవై కిలోమీటర్ల అవతల ఒక ఊళ్ళో మాకు ఎకరం అరవై సెంట్ల పల్లపు భూమి ఉండేది. ఆ ఊరి చుట్టూ ఒక ప్రాజెక్టుకి భూమి తీసుకుంటున్నారు. దాని పేరు రాయను, ఇక్కడ వ్యాపారం చేసుకు బతికేవాణ్ణి. నోటీసు రాగానే నాన్న ఆధార్, బ్యాంకు పుస్తకం, పట్టా జిరాక్సులు పట్టుకెళ్ళి ఇచ్చారు. చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. ఖాతాలో డబ్బు పడింది. కౌలుకిచ్చిన భూమి, ఏడాదికి నాలుగు బస్తాల ధాన్యం వచ్చేది, అదీ వానలు పడితే. ఆ డబ్బుతో చెల్లి పెళ్ళి అప్పు తీరిపోయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఇంట్లో పాయసం వండారు.

సోమవారం ఇక్కడ గ్రీవెన్సు రోజు. ఆరేడు వారాలుగా ఆ ఊరివాళ్ళు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళవాళ్ళు కలిసి బస్టాండులో దిగి, డప్పులు కొట్టుకుంటూ మా కొట్టు ముందునుంచే పోతున్నారు. మొదట్లో నాకు చిరాకేసింది. సరిగ్గా బేరాల టైము, రోడ్డంతా జామ్. డబ్బు ఇచ్చారుగా, ఇంకేం కావాలి వీళ్ళకి అని పక్క కొట్టాయనతో అన్నాను కూడా.

మూడో వారం ఆ గుంపులో మామ్మ కనిపించింది. ఇరవై ఏళ్ళ పైనుంచి మా కొట్టుకి చింతపండు తెచ్చే మనిషి. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అరుగు మీద అడ్డపొగ కాలుస్తూ కూర్చుని ఉండేది, ముక్కుకి మూడు నత్తులు. నాకు రేగుపళ్ళు తెచ్చేది. ఆ రోజు చేతిలో అట్టముక్క మీద ఒడియాలో ఏదో రాసి ఉంది. అది తలకిందులుగా పట్టుకుంది, చదవడం రాదు కదా. పిలిచి మంచినీళ్ళు ఇచ్చి, నీకెంత వచ్చింది మామ్మా అని అడిగాను. ఆమెకి తెలుగు అంతంత మాత్రం. "కొండ లెక్కలో లేదంట బాబూ" అంది. అంతే. గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి వెళ్ళిపోయింది.

మా ఎకరం అరవైకి లక్షలు వచ్చాయి. మేం దాన్లో ఏనాడూ కాలు పెట్టింది లేదు. ఈవిడ పుట్టినప్పటి నుంచి ఆ కొండ మీదే ఉంది, ఈవిడకి సున్నా. ఇది ఎలా జరుగుతుందో నాకు అర్థం కావడం లేదు.

ఇంట్లో చెప్తే నాన్న గట్టిగానే అన్నారు. "వాళ్ళది వాళ్ళు చూసుకుంటారు. మనం వ్యాపారస్తులం. పోలీసు కేసులో పేరు పడితే కొట్టు లైసెన్సు దగ్గర్నుంచి నీ కొడుకు పాస్‌పోర్టు దాకా తిప్పలే." నా కొడుక్కి ఎనిమిదేళ్ళు.

డబ్బు పంచాక కూడా జనం ఎందుకు రోడ్డెక్కుతారు? డబ్బు తీసుకున్న ఇంటివాణ్ణి నేను వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటే దానికేమైనా అర్థముందా, లేక నవ్వులపాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.


బరంపురం బాబు:

అన్నా, నీ మంచికోరి చెప్తున్నా, నీ పని నువ్వు చూసుకో. మా గంజాం నుంచి ఎంతమంది కుర్రాళ్ళు సూరత్ మగ్గాల మీద పనికి పోతున్నారో బరంపురం స్టేషన్‌కి వచ్చి చూడు. ఇక్కడే నాలుగు ఫ్యాక్టరీలు ఉంటే వాళ్ళకి ఆ ఖర్మేంటి? గోపాల్‌పూర్ దగ్గర 90లలో పెద్ద స్టీలు ప్లాంటు అన్నారు. జనం గొడవ చేశారు, భూములు పోనే పోయాయి, ఆ స్టీలు ప్లాంటూ రాలేదు. ఎవడు బాగుపడ్డాడు?

డబ్బు తీసుకున్నాక ధర్నా ఏంటి, అమ్మేసిన గేదె దగ్గరకి చెంబు పట్టుకుని పాలకెళ్ళినట్టు. ముందు మైకు పట్టుకుని తెల్లచొక్కాలో తిరుగుతాడు చూడు, వాడికి రేపు సర్పంచి సీటు కావాలి. మీ మామ్మకి తెలీదు పాపం.


పాత అమీను:

కొట్టు బాబుకి ఆశీస్సులు. నేను అవిభక్త కోరాపుట్ జిల్లాలో ముప్పై రెండేళ్ళు అమీనుగా భూములు కొలిచినవాణ్ణి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయినప్పుడు నేను ఉద్యోగంలోనే ఉన్నాను. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, జ్ఞాపకం బాగానే ఉంది. మనవరాలు టైపు చేస్తోంది, తప్పులుంటే తనవి.

బరంపురం బాబుగారి గేదె దగ్గర నుంచే మొదలెడతాను. అమ్మినవాడు మళ్ళీ పాలకి రాకూడదు, నిజమే. ఆ ముసలామె ఏం అమ్మింది? ఆమె గేదెని ఊరి లెక్కలోనే రాయలేదు. రాయనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మన వైపు కొండ ఊళ్ళో భూమి మూడు మెట్లుగా ఉంటుంది. అడుగున వాగు పక్కన మళ్ళు కట్టిన వరి భూమి, దాన్ని ఝోలా అంటారు. దాని పైన మెట్ట, అక్కడ చోళ్ళు, వలిసెలు. ఆ పైన డంగర్, అంటే కొండవాలు, పోడు. కందులు, సామలు, కొర్రలు, పసుపు, చింతచెట్లు అన్నీ అక్కడే. ఝోలా ఊరికి నాలుగిళ్ళకి ఉంటుంది. డంగర్ అందరికీ ఉంటుంది. ఏ కుటుంబం ఏ చెట్టు నుంచి ఏ బండ దాకా అన్నది ఊరందరికీ తెలుసు, తగవు వస్తే పెద్దలు తీరుస్తారు.

మాకున్న రూలు ఏమిటంటే, వాలు పది డిగ్రీలు దాటిన భూమిని సాగుదారు పేరున రాయకూడదు. అది సర్కారు భూమి. అందుకని నేను కొండ మొదట్లోనే గొలుసు చుట్టి పెట్టేసేవాణ్ణి. తలెత్తితే కందిచేను కనిపించేది, మంచె మీద కుర్రాడు పిట్టల్ని అదిలించడం వినిపించేది. షీటులో మాత్రం అక్కడ ఖాళీ. కిసమ్, అంటే భూమి రకం, అన్న గడిలో కొండ అని, యజమాని గడిలో ఒడిశా సర్కారు అని రాసి కిందికి దిగిపోయేవాళ్ళం.

ఒక ఊళ్ళో ఒక ముసలాయన నన్ను వదల్లేదు. సొరబుర్రలో జీలుగు కల్లు పోసిచ్చి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. ఇది మా అన్నది, ఇది మా మేనల్లుడిది, ఈ చింతచెట్టు మా అమ్మ పాతింది అంటూ ప్రతి ముక్కా చూపించాడు. ఇవన్నీ నీ కాగితంలో రాయి అన్నాడు. రూలు ఒప్పుకోదు అన్నాను. కాసేపు ఆలోచించి, రాయకపోతే నన్ను దున్నొద్దని ఎవరైనా అంటారా అని అడిగాడు. ఎవరూ అనరు అన్నాను. ఆయన సంతోషంగా ఇంకో బుర్ర పోశాడు.

అప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఎవరూ అనలేదు, ఓ ముప్పై ఏళ్ళు. ఇప్పుడు అంటున్నారు. మీ కొట్టు ముందునుంచి పోయే డప్పు అదే బాబూ.

పరిహారం పట్టాని చూస్తుంది, మనిషిని చూడదు. పట్టా ఉన్న ఝోలాకి డబ్బు వస్తుంది. అదీ చచ్చిపోయిన తాత పేరున ఉంటే పదకొండు మంది మనవల మధ్య కొట్లాట వస్తుంది, అది వేరే కథ. డంగర్ సర్కారుదే కాబట్టి, సర్కారు తన భూమి తాను ఇచ్చుకున్నట్టు లెక్క. కాగితం మీద ఎవరికీ ఏమీ పోలేదు.

ఇది మన జిల్లా ఒక్కదాని గోల కాదు. జగత్‌సింగ్‌పూర్‌లో పోస్కో అనే కొరియా స్టీలు కంపెనీ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. 2005లో ఒప్పందం రాసుకున్నారు. అడిగిన 4,004 ఎకరాల్లో ప్రైవేటు పట్టా భూమి 438 ఎకరాలే, మిగతాదంతా సర్కారు భూమి, అందులో ఎక్కువ భాగం రికార్డులో అడవి. కానీ ఆ అడవిలో తరాలుగా తమలపాకు తోటలున్నాయి. కాగితం చూసినవాళ్ళు ఇది సులువు అనుకున్నారు. జనం పన్నెండేళ్ళు కదల్లేదు, 2017లో కంపెనీయే వెనక్కి పోయింది. పోయాక భూమి జనానికి రాలేదు, ఇంకో కంపెనీకి వెళ్ళింది. అందుకే గెలుపు అనే మాట నేను వాడను.

కళింగనగర్‌లో ఇంకో రకం. 90లలో తక్కువ రేటుకి తీసుకున్న భూమిని తర్వాత కంపెనీలకి దానికి ఎన్నో రెట్లకి ఇచ్చారు. ఆ తేడా జనానికి తెలిసిపోయింది. 2006 జనవరి 2న ప్రహరీ పని మొదలుపెడితే అడ్డుపడ్డారు, పోలీసు కాల్పుల్లో పదమూడు మంది ఆదివాసీలు పోయారు. ఆ తర్వాత ఏడాదికి పైగా హైవే మూసేసి కూర్చున్నారు. మన జిల్లాలోనే కాశీపూర్ దగ్గర మైకంచ్ ఊళ్ళో 2000 డిసెంబరు 16న పోలీసు కాల్పుల్లోనే ముగ్గురు పోయారు. అప్పుడు నాకు ఆ వైపు డ్యూటీ. సంతలో మూడు వారాలు ఉప్పు తప్ప ఏమీ అమ్ముడుపోలేదు. అక్కడి కొట్లవాళ్ళూ మీలాగే తెలుగువాళ్ళు, మీలాగే భయపడ్డారు.

గోపాల్‌పూర్ మాట కూడా అన్నారు. భూమి ఇచ్చినవాడికి ప్లాంటూ లేదు, భూమీ లేదు. అది చూసినవాడు రేపు నోటీసు వస్తే ఊరుకుంటాడా? ఆ ఉదాహరణ మీ వాదానికి పనికిరాదు బాబూ.

ఇక ఒక చేదు మాట. కొట్టు బాబూ, మీ తాతగారు ఆ ఎకరం అరవై ఎవరి దగ్గర కొన్నారు? తప్పుగా అనుకోవద్దు. 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం అధికారి అనుమతి లేకుండా ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాడి పేరు మీదికి పోకూడదు. 2002లో దాన్ని ఇంకా బిగించారు. అయినా ఉప్పుకీ గుడ్డకీ అప్పు పెట్టి ఝోలాలు రాయించుకున్న షావుకార్లలో మనవాళ్ళు తక్కువేం కాదు. 2009లో కోరాపుట్ వైపు నారాయణపట్న గొడవ ఫ్యాక్టరీ గురించి కాదు, ఇలా చేతులు మారిన భూముల గురించే. అక్కడా నవంబరులో కాల్పులు జరిగి ఇద్దరు పోయారు. భూమి పోవడం అనేది ప్రాజెక్టు నోటీసుతో మొదలవదు. కొండ అడుగున ఉన్న మంచి భూమి మనలాంటివాళ్ళకి వచ్చేశాకే వాళ్ళు పైకెక్కారు. ఇప్పుడు పైనుంచి కూడా దిగమంటున్నారు.

ఒక పని మాట చెప్తాను. డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి తీసుకోవచ్చు. 2013 భూసేకరణ చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. అలా రాయకుండా తీసుకుంటే తర్వాత రేటు చాలలేదని పైకి వెళ్ళే దారి మూసుకుపోతుంది. మీ నాన్నగారికి ఆలస్యమైంది. ఇంకా డబ్బు తీసుకోనివాళ్ళు ఆ ఊళ్ళో ఉంటే ఈ ముక్క వాళ్ళకి చేరవేయండి. వాళ్ళ పక్కన కూర్చోవడం కంటే అది ముందు పని.


రాయగడ కొట్టు:

అమీను గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. తాత ఆ భూమి ఎవరి దగ్గర కొన్నాడు అని అడిగాను. "1968లో కొన్నాడు" అన్నారు. ఎవరి దగ్గర అంటే మళ్ళీ "1968లో" అన్నారు. తర్వాత కొట్టు షట్టరు వేయడానికి లేచారు. టైము ఏడున్నరే, మేం తొమ్మిదిన్నరకి గానీ మూయం.


గుణుపురం టీచర్:

అమీను గారికి నమస్కారం. మీరు రాసిన ఆ ముసలాయన మాట చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. కానీ ఒక చిన్న దిద్దుబాటు. "పరిహారం పట్టాని చూస్తుంది" అన్నది 1894 నాటి పాత భూసేకరణ చట్టానికి పూర్తిగా నిజం. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆ 2013 చట్టంలో "బాధిత కుటుంబం" అంటే పట్టాదారు ఒక్కడే కాదు. మూడేళ్ళుగా ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్న కౌలుదారులు, పాలికాపులు, కూలీలు, అడవి మీద ఆధారపడ్డవాళ్ళు, వీళ్ళంతా అందులోకి వస్తారు. షెడ్యూల్డు ఏరియాలో గ్రామసభ ఒప్పుకోవాలి. డంగర్ రికార్డులో అడవి అని ఉంటే 2006 అటవీ హక్కుల చట్టం కింద, 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీ కుటుంబం నాలుగు హెక్టార్ల దాకా హక్కు అడగొచ్చు.

చట్టంలో ఉన్నవన్నీ ఊళ్ళోకి నడిచి రావనుకోండి. ఎవరో ఒకరు మోసుకెళ్ళాలి.

రాయగడ కొట్టు గారూ, ఒకటి అడుగుతాను, నొచ్చుకోకండి. మీ ఎకరం అరవై "కౌలుకిచ్చిన భూమి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ కౌలు చేసిన మనిషికి ఏం వచ్చింది? మామ్మ గురించి ఇంత రాశారు, ఆయన పేరైనా రాయలేదు. మీ పాయసం రోజున ఆయనింట్లో ఏం వండుకున్నారో?

నియమగిరి సంగతి మీ జిల్లాదే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. ఆ కొండ మీద బాక్సైటు గని తవ్వడం గురించి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది. కొండ మీద వందకు పైగా ఊళ్ళుంటే పన్నెండింటినే ఎంచారు. ఏడు రాయగడ వైపు, ఐదు కలహండి వైపు. జులై 18న మొదలై ఆగస్టు 19తో అయిపోయాయి, పన్నెండూ వద్దన్నాయి. దాన్ని చాలామంది దేవుడి కొండ కథగా చెప్తారు. ఆ కొండ దేవుడు నియమరాజు మీద ఆ ఊళ్ళవాళ్ళ భక్తి నిజమే. కానీ నేను ఆ సభల గురించి చదివినప్పుడు నాకు పట్టుకున్నది వేరే. జడ్జిగారు ఎదుట కూర్చుంటే ఒక్కొక్కరూ లేచి మా పసుపు, మా పైనాపిల్, మా వాగు అని లెక్క చెప్పారు. ఆ లెక్క ఎవరో రాసుకున్నారు. రోడ్డు మీద అరవాల్సిన మాట అక్కడ కూర్చుని చెప్పగలిగారు. మీ సోమవారం జనానికి అలాంటి చోటు దొరికిందా? నోటీసు తర్వాత అభ్యంతరాలకి అరవై రోజులు ఇస్తారు. ఆ అరవై రోజుల్లో మీ మామ్మకి ఆ సంగతి ఎవరైనా ఆమె భాషలో చెప్పారా?

ఇంకోటి. మీ కొట్లో పాత చిట్టా పుస్తకాలు ఉన్నాయా? ఆమె ఏ ఏడాది ఎన్ని కేజీల చింతపండు, ఎంత పసుపు తెచ్చిందో మీ నాన్నగారు రాసే ఉంటారు కదా. మామ్మ కుటుంబం డంగర్ మీదే బతుకుతోందని చెప్పడానికి ఆమె దగ్గర కాగితం లేదు. మీ దగ్గర ఉంది. అదొక్కటే చాలదు. పాత గట్లు, సమాధులు, ఊరి పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ ఆధారాలే, ఒకటి కంటే ఎక్కువ కావాలి. వాటి పక్కన మీ పుస్తకం పెడితే బలం.


బరంపురం బాబు:

టీచర్ గారు, ఇలా ప్రతి చెట్టుకీ లెక్క రాసుకుంటూ కూర్చుంటే ఈ దేశంలో ఒక్క రోడ్డు పడదు.


పాత అమీను:

బాబుగారూ, చెట్లు లెక్కపెట్టడానికి ఒక ఊరికి నాకు తొమ్మిది రోజులు పట్టేది. పోస్కోకి పన్నెండేళ్ళు పట్టింది.


గడ్చిరోలి తెలుగోడు:

ఈ చర్చ ఆలస్యంగా చూశాను. మాది మహారాష్ట్ర వైపు, గోదావరి ఒడ్డు. మేం ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా ఊళ్ళోనూ కొందరి భూములు నీళ్ళ కిందికి పోయాయి, ఏ ప్రాజెక్టు అన్నది వదిలేయండి. నోటీసు మరాఠీలో వచ్చింది. మా నాన్న తరానికి అందులో గట్ నంబరు, అంటే సర్వే నంబరు, తప్ప ఏమీ అర్థం కాలేదు. ఊళ్ళో పదో తరగతి చదివిన పిల్ల ఒకతి అందరి ఇళ్ళకీ తిరిగి చదివి చెప్పింది. అప్పుడు తెలిసింది, సగం మంది సాత్‌బారాలో, అంటే మా భూమి రికార్డులో, ఉన్న విస్తీర్ణానికీ నోటీసులో ఉన్నదానికీ పొంతన లేదని. మళ్ళీ మోజణీ, అంటే కొలత, చేయండి అని నివేదన్ (అర్జీ) ఇచ్చాం. ఒకటి, రెండు, ఐదు. ఐదోదానికీ జవాబు రాకపోతే సాఖళి ఉపోషణ్‌కి కూర్చున్నారు. అంటే వంతులవారీ నిరాహార దీక్ష. పత్తి తీతల రోజులు కాబట్టి పగలు ముసలివాళ్ళు, సాయంత్రం నుంచి వయసువాళ్ళు.

బరంపురం అన్నకి ఒక మాట. ధర్నా మొదటి పని కాదు. మా దగ్గర అది ఆరో పని. రోడ్డు మీద వాళ్ళకి అదే మొదట కనిపిస్తుంది.

మా రాష్ట్రంలో ఇది కొత్తేమీ కాదు. పుణె దగ్గర ముళ్శీలో డ్యామ్ కోసం భూములు తీసుకుంటే 1921లోనే రైతులు సత్యాగ్రహం చేశారు, సేనాపతి బాపట్ ముందుండి నడిపాడు. మా వైపు ఇచ్చంపల్లి డ్యామ్ వద్దని 80లలో బాబా ఆమ్టే తిరిగారు. ముళ్శీ నాటి 1894 చట్టమే 2013 దాకా నడిచింది. అంటే మా ముత్తాతకి, నాకు ఒకే చట్టం.

కొట్టు అన్నా, కూర్చోవాలా వద్దా అని అడిగావు. మా దీక్ష దగ్గర ఒక హోటలాయన ఉండేవాడు. ఒక్క రోజు కూడా టెంటులో కూర్చోలేదు. రోజూ పొద్దున్న రెండు బిందెల నీళ్ళు పంపేవాడు, ప్రతి దరఖాస్తూ నాలుగు కాపీలు జిరాక్సు తీయించి, ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర వేయించి ఫైల్లో పెట్టేవాడు. తర్వాత అందరికీ పనికొచ్చింది ఆ ఫైలే.


రాయగడ కొట్టు:

అందరికీ థాంక్స్. నాలుగు రోజులు రాయలేదు, ఏం జరిగిందో చెప్తాను.

టీచర్ గారూ, కౌలుదారు ఇంటికి వెళ్ళాను. మా భూమి పదిహేడేళ్ళు చేశాడు. రూపాయి రాలేదు. నేను వెళ్ళిందే డబ్బు అడగడానికేమో అనుకుని, పోయిన ఏడాది బాకీ ఒక బస్తా ఉంది, వచ్చే పంటకి ఇస్తానన్నాడు. ఏ పొలంలో వచ్చే పంట? అది నేను అడగలేకపోయాను. ఆయన్నీ బాధిత కుటుంబంగా చేర్చమని దరఖాస్తు ఒడియాలో రాయించాం. భూమి మాదే, ఆయనే సాగు చేశాడు అని నాన్న సంతకం కావాలి. రెండు రోజులు పెట్టలేదు. మూడో రోజు పొద్దున్న కళ్ళజోడు తెమ్మని పెట్టారు. ఎందుకు మారారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

అభ్యంతరంతో డబ్బు తీసుకోవడం గురించి ఆ ఊళ్ళో చెప్పాను. ఇంకా తీసుకోనివాళ్ళు తొమ్మిది ఇళ్ళున్నాయి. అందులో తెల్లచొక్కా కుర్రాడి ఇల్లు ఒకటి. సర్పంచి సీటు సంగతి నాకు తెలీదు బాబు గారూ, ఆ వాక్యం మాత్రం మూడుసార్లు చెప్పించుకుని చేతి మీద రాసుకున్నాడు.

ఇక చిట్టా పుస్తకాలు. అటక మీద ఉన్నాయి, ఎర్రగుడ్డ అట్టలవి, పద్నాలుగు. చెదలు తిన్నవి పోను తొమ్మిది పనికొస్తాయి. ఇద్దరం కింద కూర్చుని వెతికాం. మామ్మ పేరు ఎక్కడా లేదు. "చింతపండు మామ్మ" అని రాసుంది, కొన్నిచోట్ల ఒట్టి "చిం.మా." అని. ఇరవై ఏళ్ళుగా మా అరుగు మీద కూర్చున్న మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. సోమవారం వచ్చినప్పుడు అడిగి రాసుకున్నాను. ఇక్కడ పెట్టను.

ఏడాదివారీగా నేను ఒక కాగితం మీద కేజీలు ఎత్తి రాస్తుంటే నాన్న మధ్యలో ఆపారు. "ఆ అంకెలు సరైనవి కావు" అన్నారు. తరుగు పేరు చెప్పి ప్రతి గంపకీ రెండు కేజీలు కొట్టేసి రాసేవారట. తాత నేర్పాడట. ఒక్క మామ్మకే కాదు, కొండ నుంచి వచ్చే అందరికీ. ఇంకేమీ అనలేదు, పుస్తకం నా వైపు తోశారు.

అమీను గారూ, మీరే చెప్పాలి. ఆఫీసులో ఇచ్చేటప్పుడు పుస్తకంలో ఉన్న అంకె ఉన్నట్టే రాయాలా, గంపకి రెండు కేజీలు కలిపి రాయొచ్చా? కలిపితే అలా ఎందుకు కలిపామో నాన్న కింద రాసి సంతకం పెడతానంటున్నారు. అది చెల్లుతుందా అని అడగమన్నారు.